తల లేని మేనమామ

నగరిలో పుట్టి పెరిగినవాళ్ళకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. వీధంతా పవర్‌లూమ్ మగ్గాలే. ముందు గదిలో మగ్గం ఆడుతుంటే వెనక గదిలో ఉన్న మనిషిని అన్నానికి పిలవాలన్నా గొంతు చించుకోవాలి. మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు ఏదో తగువు జరుగుతోందని గుమ్మంలోనే ఆగిపోతారు. తగువు కాదు, చట్నీలో ఉప్పు చాలిందా అని అడుగుతూ ఉంటాం, అంతే.

ఆ గొంతే మా మేనకోడలికి వచ్చింది. తిరుపతిలో ఆమె చేత నాటకం వేయించిన పంతులమ్మ మొదటి రోజు విని, "ఈ పిల్లకు మైకు దండగ" అందట. ఒక్క మనిషి, గంటసేపు, తన కథ తానే చెప్పే నాటకం అది. అందులో బస్సు కండక్టరు తనే, బడిలో టీచరమ్మ తనే, వాళ్ళవ్వ తనే, నేనూ తనే. నన్ను నేను వేదిక మీద చూసుకున్న రోజు గురించి చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

పాప మా తమ్ముడి కూతురు. మా తమ్ముడు వేలూరులో ఒక ఆసుపత్రి వ్యాను నడిపేవాడు. అక్కడ నర్సుగా పనిచేసే మిజోరం అమ్మాయిని ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు.

"మిజోరమంటే యాడుండాదిరా?" అని అడిగింది మా అమ్మ.

"మ్యాపులో కుడిపక్క కొసాన ఉండాది మా. ఆడ్నించి ఇంకొంచెం పోతే వేరే దేశమే."

మా అమ్మ మూడు దినాలు అన్నం ముట్టలేదు. నాలుగో దినం ఆ అమ్మాయి ఇంటికి వచ్చింది. మాటలు రావు. మా అమ్మ మడమల పగుళ్ళు చూసి, పొయ్యి దగ్గరికి పోయి, సైగలతో వేడినీళ్ళు, ఉప్పు అడిగింది. కింద చతికిలబడి కాళ్ళు కడిగి, తుడిచి, మందు రాసింది. నర్సు చెయ్యి కదా, ఆ చేతిలో తొందర ఉండదు. ఆ పూట మా అమ్మ రెండు ముద్దలు తినింది. కానీ మా చుట్టాలందరికీ కాళ్ళు కడగలేం కదా.

పాప పుట్టాక మా మరదలికి రాత్రి డ్యూటీలు, తమ్ముడికి వ్యాను. ఆరు నెలల బిడ్డను నా చేతుల్లో పెట్టారు. నాకు పిల్లలు లేరు. పదో తరగతి వరకు ఆ బిడ్డ నా పక్కలోనే పడుకుంది. అమ్మానాన్నలు వారం వారం వచ్చి చూసిపోయేవాళ్ళు. పాపకు కళ్ళు, ముక్కు, చెంపలు అన్నీ వాళ్ళమ్మవే. నోరు ఒక్కటే మాది.

ఆ నోటితోనే ఎన్నో గెలిచింది. ఒకసారి పుత్తూరు బస్సులో కొత్త కండక్టరు ఆమె ముఖం చూసి, కష్టపడి హిందీ కూడదీసుకుని ఎక్కడికి పోవాలని అడిగాడు. ఇది పైకి లేచి, "ఏమన్నా, పుత్తూరు పోవాల. పాసుండాది. నా మొగం సూసింది సాలు గానీ, ఈ పాసు సూడు" అంది. బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, "ఏందిమే, నాకంటే నీ తెలుగే బాగుండాదే" అన్నాడు.

అన్నీ గెలవలేదు. బడి వార్షికోత్సవంలో ఏ నాటకం వేసినా ఊరు చూడటానికి వచ్చిన విదేశీ అమ్మాయి వేషం ఈమెకే. "నాకు రాణి ఏసం ఇయ్యరంట అత్తా" అని ఏడుస్తూ వచ్చేది. కరోనా దినాల్లో కూరగాయల అంగడి దగ్గర ఒకామె ఈమెను చూసి, కిందికి లాగిన మాస్కు మళ్ళీ పైకి ఎక్కించుకుని నాలుగడుగులు పక్కకు జరిగింది. పాప టమాటాలు ఏరి ఇంటికి తెచ్చింది. ఆ సాయంత్రం మగ్గం వెనక, నూలు చుట్టిన బీము పక్కన చేరి కూర్చుంది. చిన్నప్పటి నుంచీ ఆమె ఏడ్చే చోటు అదే. మగ్గం చప్పుడులో ఏడుపు వినపడదని. నాకు వినపడేది. పోయి పక్కన కూర్చుని కండెలకు నూలు చుట్టేదాన్ని. 

ఇదంతా ఆమె నాటకంలో పెట్టింది. తిరుపతిలో చదువు ముగించి, ఆ పంతులమ్మ దగ్గర నాటకాలు నేర్చుకుంటూ, ఆర్నెల్లు కూర్చుని రాసుకుంది. ఆట ఇంకో వారం ఉందనగా ఆదివారం ఇంటికి వచ్చింది. ఆదివారం మగ్గాలు ఆడవు. "అత్తా, మగ్గాలింట్లో ఒకసారి ఆడి సూపిస్తా, సూడు" అంది. నేను నూలు మూట మీద, మా ఇంటాయన స్టూలు మీద కూర్చున్నాం. పక్క వీధి రంగుల అంగడాయన ఏదో పని మీద వచ్చి ఆయనా నిలబడిపోయాడు.

కండక్టరు వచ్చాడు, నవ్వాం. టీచరమ్మ వచ్చింది, నవ్వాం. తరువాత పాప మా పాత ఆల్బం బయటికి తీసింది.

ఈ ఆల్బం సంగతి చెప్పాలి. మాలో బిడ్డకు చెవులు కుట్టేటప్పుడు మేనమామ పీట మీద కూర్చుని బిడ్డను ఒళ్ళో పెట్టుకోవాలి. కంసాలి ఆచారి చెవి పట్టుకున్నప్పుడు బిడ్డ తల కదలకుండా పట్టుకునేది మేనమామ చేతులే. పాపకు మూడేళ్ళప్పుడు మా ఇంటి ముంగిట చెవులు కుట్టించాం. పీట మీద కూర్చున్నది ఈ రంగుల అంగడాయనే. మాకు వరసకు కావలసినవాడు, మంచివాడు. ఆ రోజు ఫోటోలు ముప్పై ఆరు. అన్నిట్లోనూ పాప ఉంది. గుండు, చందనం, నోట్లో అరటిపండు ముక్క, ఏడుపు. పీట మీద ఆయనకు మాత్రం ఒక్క ఫోటోలోనూ తల లేదు. మెడ దాకా వచ్చి ఆగిపోతాడు. ఆల్బం తీసినప్పుడల్లా ఆయన మొత్తుకునేవాడు: "కొత్త చొక్కా ఏసుకోని, మీసం దువ్వుకోని కూసుంటి గదమ్మా, నా తలకాయ ఏమైంది?" ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళం. ఫోటోలు తీసినవాడికి తీయడం రాదని ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో అదొక పరాచకం.

పాప ఆ ఆల్బం పట్టుకుని, వేదిక మీద నిలబడినట్టు నిలబడి చెప్పింది:

"అందరికీ మేనమామ ఉంటాడు. నాకూ ఉండాడు. తలకాయ మాత్రం లేదు."

రంగుల అంగడాయన పగలబడి నవ్వాడు. పాప నవ్వలేదు.

"నా సొంత మేనమామ రాలేదు. మూడు దినాలు రైలు ఎక్కి వచ్చేదానికి నా చెవులు అంత విలువ సెయ్యలేదేమో ఆయప్పకు. అందుకే ఇంకొకాయన్ని అడుక్కోని కూసోబెట్టినారు. వాళ్ళ ఊర్లో నేను తెలుగు బిడ్డ. ఈ ఊర్లో మిజో బిడ్డ. పీట మీద ఎవురూ లేరు."

రంగుల అంగడాయన నవ్వు ఆపి నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఆయనకు తెలుసు. మా ఇంటాయనకూ తెలుసు.

మేనమామ వచ్చాడు.

మూడు దినాలు రైల్లో కూర్చుని వచ్చాడు. పాతికేళ్ళు కూడా ఉండవు. వాళ్ళలోనూ మేనమామకు పెద్ద మర్యాదట. అందుకే అక్క కబురు పంపగానే బయలుదేరాడు. వస్తూ వాళ్ళమ్మ నేసిన గుడ్డ ఒకటి తెచ్చాడు. నలుపు, ఎరుపు, మధ్యలో తెల్లటి గీతలు. నేను అంచు తిరగేసి చూశాను. నేతపని చేసేవాళ్ళకు గుడ్డ చేతికొస్తే ముందు వెనకవైపు చూడటం అలవాటు. ఒక్క ముడి బయటికి కనపడలేదు. "ఇది కొన్న గుడ్డ కాదు, చెయ్యి తిరిగిన మనిషి నేసింది" అన్నాను. మా మరదలు ఆ మాట వాళ్ళ భాషలో చెప్తే అతని ముఖం వెలిగిపోయింది.

చెవులు కుట్టే ముందు రోజు సాయంత్రం మా తమ్ముడు అతనికి పంచె కట్టి, జారకుండా బెల్టు బిగించాడు. అతను పీట వేసుకుని, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తల ఎట్లా పట్టుకోవాలో చూసుకున్నాడు. పాప అతని ముక్కు పట్టుకుని వదల్లేదు.

పొద్దున చుట్టాలు దిగారు. మా పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఏమ్మే, ఆయప్ప మొగం, బిడ్డ మొగం ఒక్కటే మాదిరుండాయి. ఇద్దర్నీ ఒక పీట మీద కూసోబెడితే సూసినోళ్ళు ఏమంటారు? మన బిడ్డ అని ఎవురైనా అంటారా?"

చెప్పింది పెద్దమ్మ. చేసింది నేను. పెద్దమ్మ మీద తోసేస్తే నాకు సుఖమే గానీ అది నిజం కాదు. ఆ బిడ్డ నా బిడ్డ అని, మా బిడ్డ అని, ఆ ఒక్క రోజైనా ఊరంతా ఒప్పుకోవాలని నాకూ ఉండింది. పక్క వీధికి మనిషిని పంపి రంగుల అంగడాయన్ని పిలిపించాను. పంచె కట్టుకుని పీట దగ్గర నిలబడి ఉన్న ఆ అబ్బాయి చేతిలో మా తమ్ముడి కెమెరా పెట్టాను. "నాయనా, నువ్వు ఫోటోలు తియ్యి. ఫోటోలు!" అని వేలితో నొక్కినట్టు చూపించాను. అతను కెమెరా వైపు చూశాడు, పీట వైపు చూశాడు. నవ్వి తల ఊపాడు.

ఆ సాయంత్రమే రైలెక్కాడు. పోయేముందు పాప చెవుల దగ్గర వంగి, వాచినచోట మెల్లగా ఊదాడు. మళ్ళీ మా ఊరికి రాలేదు.

ఇంతవరకైతే ఒక తప్పు. ఇంకొకటి ఉంది. పాపకు ఎనిమిదేళ్ళప్పుడు ఆల్బం తిరగేస్తూ, "నా నిజం మామ యాడ అత్తా?" అని అడిగింది. "రాలేదు పాపా. శానా దూరం గదా" అన్నాను. మా మరదలు అక్కడే కూర్చుని పాపకు తల దువ్వుతోంది. దువ్వెన ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. అంతే. అప్పటి నుంచి వాళ్ళమ్మ ఫోనులో మేనమామ కనిపిస్తే పాప ఒక నమస్కారం పెట్టి లేచి వెళ్ళిపోయేది. రాని మనిషితో మాటలేమిటని. నేను చూస్తూ ఉన్నాను.

ఆ ఆదివారం ఆట ముగిశాక, "ఎట్టుండాది అత్తా?" అని అడిగింది. బాగుందన్నాను. రాత్రంతా ఆలోచించాను. చెప్పకపోతే ఆ మాట నూరుమంది ముందర అంటుంది. ఆ అబ్బాయి రాలేదని ఊరంతా నమ్ముతుంది. చెప్తే నా పక్కలో పడుకుని పెరిగిన బిడ్డ నన్ను ఇక ఏ కళ్ళతో చూస్తుంది?

పొద్దున ట్రంకుపెట్టె తెరిచి, అడుగున ఉన్న గుడ్డ తీశాను. పాప కాఫీ తాగుతోంది. గుడ్డ ఆమె ఒళ్ళో పెట్టాను.

"ఇది ఏంది?"

"మీ అమ్మమ్మ నేసింది. మీ మామ తెచ్చినాడు. నీ చెవులు కుట్టిన దినం."

చెప్పుకుంటూ పోయాను. పంచె, బెల్టు, ముక్కు పట్టుకున్నది, కెమెరా. ఏదీ మిగల్చలేదు. పక్కింటి మగ్గం ఆడుతోంది కాబట్టి గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. ఇట్లాంటి సంగతి అరిచి చెప్పాల్సి రావడం ఎంత కష్టమో చెప్పలేను.

కాఫీ చల్లారిపోయింది. "అమ్మకు తెలుసా?" అంది.

"తెలుసు."

"నాయనకు?"

"తెలుసు."

"నాకే తెలీదు."

లేచింది. గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, నా ముఖం చూడకుండా, "ఆ పీట ఉండాదా?" అంది. అటక మీద ఉందన్నాను. తనే ఎక్కి దించి, దుమ్ము దులిపి, చంకన పెట్టుకుని తిరుపతి బస్సెక్కింది. టిఫిన్ తినలేదు.

నాలుగు దినాలు ఫోను లేదు. రోజుకు మూడుసార్లు చేసే బిడ్డ. నేను చేస్తే ఎత్తలేదు. మా ఇంటాయన, "పీట దీసకపాయ గదా, అలిగినోళ్ళు పీట దీసకపోతారా?" అని నాకు ధైర్యం చెప్పాడు. ఐదో దినం ఒక్క మెసేజి వచ్చింది. "సీట్లు పెట్టినా. రాండి." నువ్వు రా అనలేదు. అందర్నీ రమ్మంది. అందరిలో నేనూ ఉన్నానో లేదో తెలియక ఇడ్లీ డబ్బా కట్టుకుని బయలుదేరాను.

తిరుపతిలో చిన్న హాలు. వేలూరు నుంచి తమ్ముడు, మరదలు వచ్చారు. రంగుల అంగడాయన ఎవరూ పిలవకుండానే వచ్చాడు. "నా గురించి జెప్తాండాది, నేను లేకుంటే ఎట్టమ్మా" అన్నాడు. హాల్లో కాలేజీ పిల్లలే ఎక్కువ.

వేదిక మీద ఒక మూల మా పీట ఉంది. ఆట మొదలైంది. కండక్టరు వచ్చాడు, టీచరమ్మ వచ్చింది, మాస్కు ఆమె వచ్చింది. పాప ఒక్కసారి కూడా ఆ పీట వైపు పోలేదు. నా కళ్ళు మాత్రం దాని మీదే ఉన్నాయి.

చివర ఆల్బం తీసింది. "అందరికీ మేనమామ ఉంటాడు. నాకూ ఉండాడు. తలకాయ మాత్రం లేదు." హాలంతా నవ్వింది. అప్పుడు పాప చున్నీని నా పైటకొంగులాగా నడుముకు దోపుకుంది. నడక నాది. చెయ్యి తిప్పడం నాది. గొంతు కూడా నాదే, మగ్గం మీద నుంచి వచ్చే గొంతు.

"నాయనా! నువ్వు ఫోటోలు తియ్యి! ఫోటోలు!"

భాష రాని మనిషికి గట్టిగా అరిస్తే అర్థమవుతుందనుకునే ఆ తీరుకు పిల్లలు పడిపడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. వెంటనే ఆగిపోయింది. "రాలేదు పాపా, శానా దూరం గదా" అనేది కూడా నా గొంతుతోనే చెప్పింది. దాచలేదు. నాకు ఒళ్ళు కాలినట్టుంది. చీకట్లో మా మరదలి చెయ్యి వచ్చి నా చేతి మీద పడింది.

"నువ్వైనా చెప్పి ఉండకూడదా?" అన్నాను ఆమె చెవిలో.

"బిడ్డ మీ పక్కలో పండుకుంటా ఉండె వదినా. ఎట్ట చెప్పేది?" అంది.

వేదిక మీద పాప వెనక్కి తిరిగింది. కొంగు తీసేసింది. ఈసారి ఆ అబ్బాయి అయింది. కెమెరా అందుకున్నట్టు చేతులు చాపి, పీట వైపు చూసింది. నవ్వి తల ఊపింది. ఫోనులో తప్ప చూడని మనిషిని ఎట్లా పట్టుకుందో నాకు తెలియదు, ఆ చూపు, ఆ నవ్వు గురించి నేను చెప్పింది మూడు ముక్కలే. తరువాత నేల మీద గొంతుక్కూర్చుంది. మూడేళ్ళ బిడ్డ ముఖానికి సమానంగా, అంత కిందికి.

"ముప్పై ఆరు ఫోటోలు. ఒక్కదాంట్లో గూడా పీట మీద మనిషికి తల లేదు. ఆయప్పకు ఫోటో తీసేది రాదని మా ఇంట్లో ఇన్నేండ్లు నవ్వినాం. ఆయప్పకు బాగానే వచ్చు. నన్ను తీసినాడు."

 పాప లేచి, సంచిలోంచి నలుపు ఎరుపు గుడ్డ తీసి పీట మీద పరిచింది. అదే ఆఖరు.

అందరూ చప్పట్లు కొడుతుంటే రంగుల అంగడాయన కళ్ళు తుడుచుకుంటూ, "ఇన్నేండ్లకు తెలిసెనమ్మా నా తలకాయ యాడ పోయిందో" అన్నాడు.

బయట మెట్ల మీద నిలబడ్డాం. పాప చెమటతో వచ్చింది. వాళ్ళమ్మను కావలించుకుంది. నాయన భుజం తట్టింది. నా ముందర ఆగింది. 

"ఇడ్లీ తెచ్చినావా?"

డబ్బా చేతిలో పెట్టాను. రెండు ఇడ్లీలు నిలబడే తినింది. మూడోది తింటూ, "నీ మీద కోపం పోలా. తెలిసిందా?" అంది.

"తెలిసింది."

"పోయినప్పుడు చెప్తా."

"చెప్పు."

వేళ్ళు నాక్కుంటూ వాళ్ళమ్మ ఫోను తీసుకుని మిజోరానికి చేసింది. తెర మీద ఒక మనిషి. కణతల దగ్గర జుట్టు నెరిసింది. నవ్వు మాత్రం ఆ రోజుదే. పాప ఫోను నా ముఖం ముందర పెట్టింది.

ఏం చెప్పాలి? భాష లేదు. ఉన్న గొంతుతోనే, "తప్పు చేసినా నాయనా! నిన్ను పీట మీద కూసోనియ్యలేదు!" అని అరిచాను. మెట్లు దిగుతున్న పిల్లలంతా తిరిగి చూశారు. మా మరదలు నవ్వుతూ, ఏడుస్తూ వాళ్ళ భాషలో చెప్పింది. అతను చేతులు ఊపి ఏదో అన్నాడు. 

"ఏమన్నాడు?" అన్నాను.

"ఫోటోలు బాగా వచ్చినాయా అని అడుగుతా ఉండాడు వదినా."

ఇరవై ఏళ్ళు. ముప్పై ఆరింటిలో ఒక్కటి అతనికి పంపలేదు మేము. పంపాలని ఎవరికీ తోచలేదు.

మరునాడు ఆల్బం పట్టుకుని నగరి బజారులో స్టూడియోకు పోయాను. అన్నిటికీ కాపీలు తియ్యమన్నాను. ఆ పిల్లవాడు కంప్యూటరులో ఒక్కొక్కటే చూసి, "ఏంది పెద్దమ్మా, అన్నిట్లో ఈయన తల పోయిందే. ఇంకో ఫోటో ఉంటే తెచ్చియ్యి, తల అతికిస్తా. తెలీకుండా చేస్తా" అన్నాడు.

"వద్దులే నాయనా, తీసినాయన ఎట్ట తీసినాడో అట్టనే ఉండనీ" అని, ముప్పై ఆరూ చేతికొచ్చేదాకా ఆడే బెంచీ మీద కూర్చున్నాను.